పేరు పిలిచే శనివారం

పుంగనూరు,
20 జూన్ 2024.

చిరంజీవి యాళినిని పుంగనూరు నుంచి నీ రేవతక్క మనసారా దీవించి రాయునది. ఇక్కడ అంతా క్షేమమని చెప్పి, అవతలివాళ్ళ క్షేమం అడిగాకే అసలు విషయం ఎత్తాలన్నది మా నాయన నేర్పిన పద్ధతి. అలాగే మొదలుపెట్టాను. కానీ ఆ 'అంతా' అన్న మాటలోంచి మీ అమ్మను తీసేసి చదువుకో. ఆమె సంగతికి తర్వాత వస్తాను. ముందు నిన్ను నాలుగు తిట్టాలి.

ఆ చలిదేశంలో రొట్టెముక్క తిని పడుకుంటున్నానని రాశావు. నర్సింగు చదివిన పిల్లవి, హాస్టలు వంటింట్లో పొయ్యి దగ్గర నీ వంతు రాలేదని ఆకలితో పడుకుంటారా? శరణు కోరి వచ్చినవాళ్ళయినా అన్నం అడగడానికి సిగ్గేమిటి? మన వ్యాన్లో నాతో పనిచేసిన రోజుల్లో నా డబ్బాలోంచి సంగటి ముద్ద అడక్కుండానే సగం లాగేసుకున్న దానివి. ఆ జబర్దస్తీ అంతా ఏమయింది? కాస్త అక్కడ కూడా చూపించు.

ఉత్తరం తెలుగులో రాసినందుకు మాత్రం సంతోషం. కుప్పంలో వార్డు బోర్డులు కూడబలుక్కుంటూ నేర్చుకున్న తెలుగు ఇంకా చెడిపోలేదంటే ఆ గొప్ప నాదే. నీ కాగితాలు తిరగేసేవాళ్ళకు అక్కడ మన భాష రాదు కాబట్టి నేనూ దాపరికం లేకుండా రాస్తాను. ఫోన్ చేయనన్నావు, అదే మంచిది. నువ్వు కుప్పంలో నర్సు ఉద్యోగం చేస్తున్నావని మీ అమ్మ క్యాంపంతా చెప్పుకుంటోంది. విదేశం నంబరు ఒక్కసారి ఆమె ఫోన్లో మోగితే చాలు, పోలీసులు గుమ్మం ముందు నిలబడతారు.

నువ్వు వెళ్ళాక మన వ్యాన్లో పెద్దగా మారిందేమీ లేదు. ఇప్పటికీ ప్రతి మంగళవారం కుప్పంలో మందుల పెట్టెలు ఎక్కించుకుని, తమిళనాడు సరిహద్దు దాటి, డ్యాము పక్కనున్న మీ క్యాంపుకు వెళ్తున్నాం. డ్రైవరు మన కదిరప్పే. డాక్టరు మాత్రం కొత్త. పేరు మధుసూదన్, మదనపల్లె కుర్రాడు, మెత్తని మనిషి. మొదటిరోజు ఆ రేకుల ఇళ్ళ వరసలు చూసి, వీళ్ళంతా లంక నుంచి ఎప్పుడొచ్చారని అడిగాడు. ముప్పై ఏళ్ళ పైమాటే అన్నాను. అయితే ఈ పిల్లలంతా ఇక్కడే పుట్టారు కదా, వీళ్ళు కూడా శరణార్థులేనా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే కదిరప్ప అందుకుని, "ఈళ్ళ పిల్లలకి పిల్లలు పుట్టినా అంతే సార్. ఆ ఆఫీసు పుస్తకంలో పేరుండాల, శనివారం పిలిస్తే పలకాల. ఈళ్ళకుండే ఆస్తి అదొకటే" అన్నాడు.

ఇక మీ అమ్మ సంగతి. చలికాలం పోయినా ఆమె దగ్గు పోలేదని పోయిన ఉత్తరంలో రాశాను కదా. దగ్గితే పడే గళ్ళను పరీక్ష చేయిస్తే టీబీ అని వచ్చింది. మందులు మొదలుపెట్టాం. వాటి ఫలితం కనబడకపోయేసరికి మళ్ళీ పరీక్షకు పంపితే, ఇది మామూలు మందులకు లొంగే రకం కాదని తేలింది. నువ్వు చదువుకున్నదానివి, దాని అర్థం నీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా భయపడకు. దీనికీ మందులున్నాయి, బాగవుతుంది. కాకపోతే ఆమె ఉన్న నీరసానికి మొదటి ఆరు వారాలైనా మదనపల్లె ఛాతీ ఆస్పత్రిలో మంచం మీద ఉండి, రోజూ గుండె పరీక్ష చేయించుకుంటూ ఆ మందులు మింగాలి. డాక్టరు మాట్లాడి మంచం కూడా ఖాయం చేశాడు. మనోన్మణి అనే పేషెంటు వస్తోందని వార్డులో చెప్పి ఉంచాడు.

మీ అమ్మ రానంది. ఏమ్మా అంటే కోళ్ళున్నాయంది. కోళ్ళను పక్కింటి రాజేశ్వరమ్మ చూసుకుంటుందంటే, మదనపల్లెలో చలి ఎక్కువంది. జూన్ నెలలో చలేమిటంటే, ఆస్పత్రి కూడు పడదంది. కదిరప్ప ఉండబట్టలేక "ఏమక్కా, సచ్చిపోవాలనుండాదా నీకు?" అని అరిచాడు. దానికి ఆమె నవ్వి, మా ముగ్గురికీ ఆవిరి మీద వండిన బియ్యప్పిండి పుట్టు, దానిలోకి కొబ్బరిపాల సొది పులుసు వడ్డించింది. దగ్గు వచ్చినప్పుడల్లా బయటికి వెళ్ళి దగ్గి, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ వడ్డించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె ఎందుకు రానంటోందో నాకు బోధపడటం లేదు. నువ్వు గట్టిగా ఒక ఉత్తరం రాయి, తమిళంలోనే రాయి. నా తిట్లు ఆమెకు ఎక్కడం లేదు.

ఇంకొకటి. క్యాంపు పుస్తకంలో నీ పేరు ఇంకా ఉందో లేదో నీ లాయరు కనుక్కోమన్నాడని రాశావు. అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకే మీ అమ్మ ముఖం కళకళలాడింది. ఉంది, ప్రతిసారీ పిలుస్తారు, నేను జవాబు చెప్తాను అంది. కాబట్టి ఉందని చెప్పెయ్యి.

ఇట్లు,
నీ తిట్లమారి అక్క,
రేవతి.

పుంగనూరు,
5 ఆగస్టు 2024.

చిరంజీవి యాళినికి దీవెనలు. ఈసారి క్షేమ సమాచారాలు ఇచ్చిపుచ్చుకునే స్థిమితం లేదు, నేరుగా విషయానికి వస్తాను.

నీ ఉత్తరం పనిచేసింది. అమ్మా, నువ్వు ఆస్పత్రికి వెళ్ళకపోతే నేనిక్కడ మందు మింగి చస్తానని రాశావట. అలాంటి మాటలు రాస్తారా అని నిన్ను తిట్టాలి గానీ, దానితోనే ఆమె కదిలింది. పోయిన సోమవారం నేను, కదిరప్ప తీసుకువెళ్ళి మదనపల్లెలో చేర్పించాం. కిటికీ పక్క మంచం. కొత్త మందులు మొదలుపెట్టారు. తిరిగి వస్తూ టమాటా మార్కెట్ దగ్గర ఆగి, ఆనందం పట్టలేక కదిరప్పకు టీ, బన్ను ఇప్పించాను.

శుక్రవారం పొద్దున కదిరప్ప ఫోన్ చేశాడు. వాళ్ళ ఊరు పెద్దపంజాణి పోవడానికి పుంగనూరు బస్టాండులో నిలబడి ఉన్నాడట. "రేవతక్కా, మన మనోన్మణమ్మ ఈడ బెంచీ మింద కూసోనుండాది. కొంగు ముక్కుకి కట్టుకోనుండాది. పలకరిస్తే నన్ను సూడనట్టు తల తిప్పుకుంటాది" అన్నాడు. నేను ఉన్నపళంగా వెళ్ళాను. నిజంగానే మీ అమ్మ. చేతికి ఆస్పత్రి వాళ్ళు కట్టిన పట్టీ కూడా తీయలేదు. కుప్పం బస్సు కోసం చూస్తోంది.

బస్టాండులో నలుగురూ చూస్తున్నారని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంటికి తీసుకొచ్చి, వసారాలో గాలి తగిలేచోట కూర్చోబెట్టి, వేడి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టాను. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. అప్పుడు అడిగాను, ఈసారి తిట్టకుండా అడిగాను. తనకొచ్చిన తెలుగులో కొంత, తమిళంలో కొంత చెప్పింది. యాళినీ, ఆమె చెప్పింది విన్నాక తిట్టినందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది.

రెండు వారాలకొకసారి శనివారం మీ క్యాంపులో పేర్లు పిలుస్తారని నాకు తెలుసు. మా వ్యాను మంగళవారం వస్తుంది కాబట్టి అది ఎలా జరుగుతుందో ఎప్పుడూ చూడలేదు. నీకు తెలియనిదేమీ కాదు గానీ, ఆమె చెప్పినట్టే రాస్తాను. పిలిచినప్పుడు ఇంటిపెద్ద ముందుకు రావాలి. ఇంట్లో ఎవరు ఎదుట లేరో, వాళ్ళెక్కడున్నారో ఆ ఇంటిపెద్దే నోటితో చెప్పాలి. ఇంటిపెద్ద ఆస్పత్రిలో ఉంటే ఆ మనిషికి మాఫీ ఉంది. కానీ ఎదుట లేని బిడ్డ గురించి చెప్పేవాళ్ళు లేకపోతే ఆ బిడ్డ పేరు కొట్టేస్తారు. మీ ఇంట్లో పేర్లు రెండే. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ మీ అమ్మ ప్రతిసారీ వెళ్ళి నిలబడి, నా బిడ్డ కుప్పంలో నర్సు, సెలవు దొరకలేదు అని చెప్తూ వస్తోంది. మర్నాడు శనివారం తను మదనపల్లెలో మంచం మీద ఉండిపోతే నీ తరఫున పలికేదెవరు? అక్కడ నీ కేసు తేలక వెనక్కి పంపేస్తే, నువ్వు వచ్చి నిలబడటానికి ఈ ఒక్క చోటైనా ఉండాలి కదా. అది కూడా పోతే నువ్వు పుట్టని, చూడని లంకకు పంపేస్తారని ఆమె భయం.

నేనే వెళ్ళి ఆఫీసులో మాట్లాడతానన్నాను. మీ అమ్మ నా రెండు చేతులూ పట్టేసుకుంది. వద్దు, నువ్వు నా గురించి అడిగితే వాళ్ళు యాళిని గురించి అడుగుతారు, కుప్పంలో ఏ ఆస్పత్రి అంటారు, ఆరా తీస్తే అంతా బయటపడుతుంది అంది. అదీ నిజమే.

శనివారం తెల్లవారగానే నేనే ఆమెను క్యాంపుకు తీసుకువెళ్ళాను. ఆఫీసు ముందు ఎండలో అందరూ వరసగా నిలబడ్డారు. పేర్లు చదివేది గంగులయ్య అనే గుమాస్తా. హోసూరు వైపు మనిషి, మన మాటే మాట్లాడతాడు. మీ అమ్మ వాలకం చూసి, "యాలమ్మా ఇంత జొరంతో వస్తావు? పోయి ఆస్పత్రిలో పడుకో, ఈడ నేను సూసుకుంటా" అన్నాడు. మంచివాడే అనుకున్నాను. ఈమె మాత్రం అడుగు కదల్చలేదు. మీ ఇంటి వంతు వచ్చింది. మనోన్మణి అన్నాడు, ఉన్నానంది. యాళిని అన్నాడు. నీ పేరు చదివేటప్పుడు ఆయన పుస్తకంలోకి చూడను కూడా లేదు, ఇన్నిసార్లు చదివి నోటికొచ్చేసినట్టుంది. కుప్పంలో నర్సు, సెలవు దొరకలేదు అంది మీ అమ్మ. ఆ మాట అనేటప్పుడు చూడాలి నువ్వు. ఆ ఎముకల గూడు నిటారుగా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, అవతలికి వెళ్ళి ఏడ్చాను.

ఇప్పుడు మందులు క్యాంపులోనే ఇస్తున్నాం. డాక్టరు మంగళవారమే కాక మధ్యలో మరోసారి కూడా సొంత బండిలో వస్తున్నాడు. ఇది చాలదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నీకు చెప్పవద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకోబోయింది, నేను వేయలేదు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు. ఆమె ప్రాణం ఒకవైపు, నీ పేరు ఒకవైపు పెట్టి నన్ను మధ్యలో నిలబెట్టింది.

ఇట్లు,
రేవతక్క.

పుంగనూరు,
26 సెప్టెంబరు 2024.

నా తల్లి యాళినికి,

డాక్టరు చేత మీ హాస్టలు ఆఫీసుకు ఫోన్ చేయించాను. అక్కడివాళ్ళు నీకు ఎలా చెప్పారో, నువ్వు ఎలా తట్టుకున్నావో. మంగళవారం మీ అమ్మ మనందరినీ వదిలి వెళ్ళిపోయింది. ఫోన్లో చెప్పించినది వార్త మాత్రమే. మిగతాది రాస్తున్నాను. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదువు, ఒక్కదానివే చదవకు.

నీ జవాబు ఆగస్టు ఆఖరులో అందింది. నా పేరు కొట్టేస్తే కొట్టేయనీ, నాకు ఆ చోటు వద్దు, అమ్మను ఎత్తుకునైనా ఆస్పత్రికి తీసుకుపో అని రాశావు. అదే ఉత్తరంలో ఇంకొక మాట కూడా రాశావు. నీ అర్జీ మొదటిసారి తోసేశారని, ఇండియాలో క్యాంపులో నీ పేరుంది కాబట్టి అక్కడికే తిరిగి వెళ్ళమన్నారని, లాయరు పైకోర్టుకు వెళ్తున్నాడని. నేను ఆ రెండో మాట దాచి మొదటిదే చదివి వినిపించాల్సింది. అంత తెలివి నాకు లేకపోయింది, మొత్తం చదివాను.

మీ అమ్మ అంతా విని, చూశావా, వెనక్కి పంపుతామంటున్నారు, ఆ పేరే కదా ఇప్పుడు దాన్ని కాపాడాలి అంది. నువ్వు ఆమెను విడిపించాలని రాసిన ఉత్తరం ఆమెను ఇంకా గట్టిగా కట్టేసింది. ఇందులో నీ తప్పు లేదు. ఎవరు రాసినా అలాగే రాస్తారు.

ఆ రోజే మొదటిసారి తను లంక నుంచి వచ్చిన సంగతి చెప్పింది. నీకు ఎప్పుడైనా చెప్పిందో లేదో. పడవ దిగాక ఇసుకలోనే ఉంచేశారట. ఆకలికి పిల్లలు ఏడుస్తున్నారట. ఒకాయన బల్ల వేసుకుని వచ్చి ఒక్కొక్కరి పేరు రాసుకున్నాడట. పేరు రాయించుకున్నవాళ్ళకే గంజి పోశారట. మీ అమ్మ వెనక నిలబడిన ముసలాయన తన వంతు రాకముందే ఒరిగిపోయాడట. ఆయన పేరేమిటో ఎవరికీ తెలియలేదు, ఏ పేరూ లేకుండానే పూడ్చారు అంది. నా బిడ్డ అలా కాకూడదు అంది.

సెప్టెంబరు మొదట్లో కాస్త తేరుకున్నట్టే కనబడింది. ఆకలి పుడుతోందంది. కోడిగుడ్డు తిన్నది. పధ్నాలుగో తేదీ శనివారం రాజేశ్వరమ్మ భుజం పట్టుకుని వెళ్ళి నిలబడి, చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి వచ్చింది. ఆ తర్వాత మంచం దిగలేదు.

మొన్న మంగళవారం మేము వెళ్ళేసరికి దగ్గులో రక్తం పడుతోంది. డాక్టరు ఇంక ఆమెను అడగలేదు, కదిరప్ప ఎత్తి వ్యాన్లో పడుకోబెట్టాడు. ఎత్తేటప్పుడు ఆమె రాజేశ్వరమ్మను దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. రాజేశ్వరమ్మ సరేసరే అని తలూపింది. కుప్పం వైపు బయలుదేరాం. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను. సూది వేయడానికి డాక్టరుకు నరం దొరకడం లేదు. సరిహద్దు దాటుతుండగా కళ్ళు తెరిచి ఈ రోజేమిటని అడిగింది. మంగళవారమని చెప్పాను. అయితే ఇంకా టైముంది అంది. అదే ఆఖరి మాట. కదిరప్ప ఆ తర్వాత కూడా హారను కొట్టుకుంటూ బండి తోలుతూనే ఉన్నాడు. డాక్టరు రెండుసార్లు చెప్పాక గానీ ఆపలేదు. దిగి, రోడ్డు పక్క కూర్చుని, "మా యమ్మ పోయినప్పుడు గూడా నేనింత ఏడ్సలేదక్కా" అన్నాడు.

క్యాంపుకే తిరిగి తీసుకువచ్చాం. అందరూ వచ్చారు. స్నానం నేనే చేయించాను. నువ్వు చేయాల్సినది కాబట్టి నీ పేరు చెప్పుకుని నేనే నోట్లో బియ్యం వేశాను. కొరివి రాజేశ్వరమ్మ మొగుడు పెట్టాడు. ఆమె ముఖం ప్రశాంతంగా ఉందని రాస్తే నీకు ఊరటగా ఉంటుంది గానీ నేను అబద్ధం రాయను. అలసిపోయి ఉంది. చాలా అలసిపోయి ఉంది.

నువ్వు బాగా చదువుకున్నావు, బాగా పనిచేశావు, ఒక్క కాగితం లేదని ఇక్కడ ఏ ఆస్పత్రీ నీకు ఉద్యోగం ఇవ్వలేదు. వెళ్ళిపోవడం తప్పు కాదు. పొమ్మన్నది మీ అమ్మే, ఆ సంగతి నాకూ చెప్పింది. నువ్వు అక్కడ తిను, పడుకో, మనుషులతో మాట్లాడు. నేనున్నాను. నిన్ను తిట్టడానికైనా ఉంటాను.

ఇట్లు,
నీ అక్క,
రేవతి.

తా.క. ఆదివారం, 29 సెప్టెంబరు. ఈ ఉత్తరం అంటించి పెట్టుకున్నాను. నిన్న జరిగినది చూశాక మళ్ళీ విప్పి రాస్తున్నాను. రాయకుండా ఉండగలిగితే రాసేదాన్ని కాదు. కానీ ఇది నీ లాయరుకు తెలియాలి.

మీ అమ్మ సామాను సర్దడానికి నిన్న క్యాంపుకు వెళ్ళాను. పేర్లు పిలిచే శనివారం. రాజేశ్వరమ్మ తన వంతు అయిపోయినా ఇంటికి పోకుండా అక్కడే నిలబడింది. ఎందుకని అడిగితే, ఆ రోజు మీ అమ్మ తన చెవిలో చెప్పినది ఇదేనంది. ఇకమీదట యాళిని పేరు పిలిచినప్పుడు నువ్వు పలుకు అందట. గంగులయ్య మీ ఇంటి నంబరు దగ్గరికి వచ్చి, ఆగి, ఏమీ చదవకుండా తర్వాతి ఇంటికి వెళ్ళిపోయాడు. రాజేశ్వరమ్మ ఊరుకోలేదు. యాళినిని పిలవలేదేమని నిలదీసింది. తల్లి పోయింది గానీ బిడ్డ ఉంది కదా, చదువు అంది. ఆయన చదవలేదు. అందరూ చూస్తుండగా పుస్తకం మూసి, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

నీ పేరు ఆ పుస్తకంలో లేదు యాళినీ. నువ్వు వెళ్ళిన కొత్తలోనే, నువ్వు దేశం దాటావని పైనుంచి కాగితం వచ్చిందట, అప్పుడే కొట్టేశారట. గంగులయ్య నాతో చెప్పిన మాటలు అలాగే రాస్తున్నాను. "మొదటి శనివారం ఆ పిల్ల పేరు సదవకుండా పోతిని. అందురూ ఇండ్లకి పొయినా మనోన్మణమ్మ ఆడనే నిలబడుకోనుండాది. నా బిడ్డ పేరు మర్సిపోయినావు సామీ అనె. కొట్టేసినారమ్మా అని చెప్పేదానికి నాకు నోరు రాలే. మర్సిపోయినానమ్మా అని సదివేసినా. ఆపొద్దు నుంచీ సదవతానే ఉండాను. జబ్బు సేసినప్పుడు చెప్పేద్దామనుకున్యా. ఇన్నాళ్ళూ ఉత్తదానికే నిలబడితినా అని ఆ యమ్మ ఆడనే కూలిపోతాదని బయపడితి. ఆస్పత్రికి పో, నేను సూసుకుంటా అని ఎన్నిసార్లో చెప్పినా. నమ్మలేదమ్మా నన్ను."

ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. ఆయన దయ చూపకుండా ఉంటే మీ అమ్మ నాలుగు రోజులు ఏడ్చి, మదనపల్లె వార్డులో మందులు మింగి, ఈపాటికి నాకు పుట్టు వండి పెట్టేది. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. నేను తిట్టడం చాలించి పక్కన కూర్చున్నాను.

కన్నీళ్ళు తుడుచుకుని ఇది లాయరుకు చెప్పు. నీకు ఇండియాలో చోటుందన్నారు కదా, లేదు. ఎప్పటినుంచో లేదు. కొట్టేసినట్టు రాసి సంతకం పెట్టిస్తానని గంగులయ్య ఒప్పుకున్నాడు, ఉద్యోగానికి ఇబ్బంది వచ్చినా సరేనన్నాడు. ఆ కాగితం ఉంటే నిన్ను వెనక్కి పంపడం వాళ్ళకు అంత సులువు కాదని డాక్టరు కనుక్కుని చెప్పాడు. ఉండాలని మీ అమ్మ ప్రాణం పెట్టిన పేరు లేకపోవడమే నిన్ను కాపాడుతుందట.

నిన్న నేను మీ ఇంట్లో సామాను మూట కట్టుకుని వచ్చేసరికి, మిగతా పేర్లు చదవడం ఆగిపోయి వరస ఇంకా చెదరలేదు. పుస్తకంలో ఉన్నా లేకపోయినా నేను మనోన్మణికి మాటిచ్చాను, పిలువు అని రాజేశ్వరమ్మ గంగులయ్య ముందు మొండికేసి నిలబడి ఉంది. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. పుస్తకం తెరవకుండానే యాళిని అని పిలిచాడు. కుప్పంలో నర్సు, సెలవు దొరకలేదు అంది రాజేశ్వరమ్మ. సరే అని ఆయన తర్వాతి ఇంటి పేరు చదివాడు.